బాలమణి అడిగిన ఇరవై రోజులు

ప్రతి ఏడూ మా మండలాఫీసు ముందు వన్యప్రాణుల వారోత్సవం జరుపుతారు. షామియానా వేస్తారు, పులి బొమ్మ ఉన్న ఫ్లెక్సీ కడతారు, బడి పిల్లల చేత ప్రతిజ్ఞ చేయిస్తారు. మా మెట్ట ఊళ్ళలో పులిని కళ్ళారా చూసినవాడు ఒక్కడూ లేడు. అయినా ఫ్లెక్సీ మీద పులే ఉండాలి, చూడ్డానికి బాగుంటుందని. చివర్లో ఎవరో ఒకరికి శాలువా కప్పుతారు. ఈసారి ఎవరికి కప్పుదామని మీటింగులో అడిగితే నేను బాలమణి పేరు చెప్పాను. "ఆమె ఏం చేసింది?" అన్నారు. నీళ్ళు నమిలాను. ఆమె ఏం చేసిందో చెప్పాలంటే నేనేం చేశానో కూడా చెప్పాలి. ఆ శాలువా ఒక నర్సరీ కాంట్రాక్టరు భుజాల మీదికి పోయింది. ఆ రోజు నోరు మూసుకుని కూర్చున్నందుకు నామీద నాకే అసహ్యం వేసి ఇప్పుడిది రాస్తున్నాను.

నా పేరు జితేందర్. మాది ఉప్పునుంతల దిక్కు రైతు కుటుంబం. వనపర్తి జిల్లాలో ఒక మండలంలో టెక్నికల్ అసిస్టెంటుగా పనిచేస్తాను. గుంతలు కొలవడం, కాలువలు కొలవడం, ఫొటో తీసి పైకి పంపడం నా పని. బాలమణి ఊరి పేరు రాయను. ఆ ఊరివాళ్ళు ఇంకా ఈ ఆఫీసుల చుట్టూనే తిరిగి బతకాలి.

బాలమణికి యాభై రెండేళ్ళు ఉంటాయి. గొర్రెల కాపరి. భర్త రామచంద్రయ్య ఎనిమిదేళ్ళ కింద కిడ్నీలు పాడై హైదరాబాద్ దవాఖానలో పోయాడు. దినాలు కాకముందే మరుదులు వచ్చి, "ఆడమనిషివి, మంద ఎట్ల కాస్తవు, అమ్మేద్దాం" అన్నారట. ఆమె లోపలికి పోయి, భర్త గొంగడి భుజాన వేసుకుని, కర్ర పట్టుకుని, దొడ్డి తడిక తీసి గొర్రెలను బయటికి తోలింది. అదే జవాబు. డెబ్బై గొర్రెలు. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, కాళ్ళకు మగవాళ్ళ చెప్పులు వేసుకుని, నోట్లో ఆకువక్కతో రోజుకు పది పన్నెండు కిలోమీటర్లు నడుస్తుంది. గొర్రెలను తిట్టే తిట్లు వింటే రోడ్డు మీద పోయేవాడు తననే అంటోందనుకుని బండి ఆపుతాడు. ఒకసారి నేనే ఆపాను. "నిన్ను గాదు సారూ, గా కుంటిదాన్ని" అని చేత్తో చూపించింది.

ఊరికి పడమట అరవై ఎకరాల కంచె ఉంది. మా వైపు పశువులు మేసే గడ్డినేలను కంచె అంటారు. రాతిగుండ్లు, పరికి పొదలు, అక్కడక్కడా తంగేడు, మధ్యలో వానాకాలం మాత్రమే పారే ఒక ఒర్రె. ఒర్రె ఒడ్డున మట్టి మెత్తన. ఆ మెత్తటి ఒడ్డులో ఒక బొరియ, ఆ బొరియలో ఏటేటా చలికాలం ఒక తోడేలు ఈనేది. ఈ సంగతి బాలమణికి తెలుసు, ఆమె మామకూ తెలుసు, ఆయన తండ్రికీ తెలుసు. ఊళ్ళో మిగతావాళ్ళకు తెలిసినా పట్టించుకున్నది లేదు.

గొర్రెల కాపరికి తోడేలు పగదని మనం చిన్నప్పుడు చదువుకున్నాం. బాలమణి ఇంట్లో లెక్క వేరు. ఏడాదిలో తోడేలు మొదట ఎత్తుకుపోయిన గొర్రెపిల్ల వెంట వాళ్ళు పరుగెత్తరు. దాన్ని "కంచె పాలు" అంటారు, అంటే కంచెకు ముట్టాల్సిన వాటా అని. రెండోదాని కోసం వస్తే మాత్రం కర్ర లేస్తుంది, రాయి లేస్తుంది, ఆ తిట్లు ఎటూ లేస్తాయి. తోడేలు ఈనే రెండు నెలలూ ఆమె మందను ఒర్రె వైపు మలపదు. అప్పటికి వేరుశనగ చేలు ఖాళీ అయి ఉంటాయి, రైతులు ఎరువు కోసం తమ చేలల్లో మంద పెట్టమని పిలుస్తారు. ఆ చేలల్లోనే మేపుకుంటుంది.

"ఎందుకక్కా, అది నీ గొర్రెను తింటుంటే నువ్వు దానికి మర్యాద చేస్తున్నవ్?" అని ఒకసారి నవ్వుతూ అడిగాను. నన్ను ఎగాదిగా చూసింది.

"తోడేలు ఆకలికి సంపుతది సారూ. ఒక్కదాన్ని పట్టుకోని పోతది. అది ఉన్న కంచెల ఊరకుక్కలు గుంపు గట్టవు. అడవిపందులు పిల్లలతోని దిగవు. మా మామ జెప్పిండు, నేను కండ్ల జూసిన. నీకు ఇంజనీరు సదువుల గిది జెప్పలేదా?"

చెప్పలేదు. మాకు సిమెంటు, ఇసుక, కంకర ఏ పాళ్ళలో కలపాలో చెప్పారు.

ఇంకోసారి గుండు మీద కూర్చుని నీళ్ళు తాగుతూ ఆమే చెప్పింది. ఆమె పెళ్ళై వచ్చిన కొత్తలో చుట్టుపక్కల ఐదు కంచెల్లోనూ తోడేళ్ళు ఉండేవట. తూర్పు కంచెను కొట్టి రాయి తీశారు. దక్షిణం కంచె ప్లాట్లయింది, తెల్లరాళ్ళు పాతారు, పదేళ్ళైనా ఒక్క ఇల్లూ లేవలేదు, గడ్డి మాత్రం పోయింది. ఇంకో కంచె చుట్టూ ముళ్ళతీగ వేసి పలకలు పరిచి ఎండతో కరెంటు తీస్తున్నారు. నాలుగోదాంట్లో ఎవడిదో దూడ పోయిందని చచ్చిన మేక కడుపులో చేను మందు గుళికలు కుక్కి పడేశాడు. రెండు తోడేళ్ళు, ఒక నక్క, ఏడు కాకులు, వాడి కుక్క కూడా అక్కడే పడి చచ్చాయి. మిగిలింది ఈ ఒక్క కంచె, ఇందులో ఒక్క జత. "ఒకదాని ముక్కు ఎండిపోయి, కాళ్ళు వణుక్కుంట సచ్చింది ఓ ఏడు. కుక్కల రోగం అంటుకున్నది. అప్పుడు పిల్లలు గూడ బతకలె" అన్నది.

దేశం మొత్తంలో మూడు వేలకు కాస్త అటూ ఇటూ మిగిలి ఉంటాయని లెక్కగట్టినవాళ్ళు అంటున్నారు. చట్టంలో పులికి ఏ వరుసలో చోటిచ్చారో తోడేలుకూ అదే వరుసలో ఇచ్చారు. కానీ పులికి అడవి ఉంది, ఆ అడవికి గేటు ఉంది, గేటు దగ్గర టికెట్టు ఉంది. తోడేలు ఉండేది గడ్డిలో. గడ్డినేలకు మన కాగితాల్లో ఉన్న పేరేమిటో తెలుసా? బంజరు. పనికిరాని భూమి. పనికిరాని చోట ఏ ప్రాణి బతుకుతుంది, బతికితే దాన్ని ఎవరు లెక్కపెడతారు?

ఆ పేరు పట్టుకునే నేను ఆ కంచెకు పోయాను. మొక్కలు పెంచడానికి ఖాళీ భూమి చూపించమని పైనుంచి కాగితం వచ్చింది. అరవై ఎకరాలు ఒక్కచోట, ఎవడి పేరు మీదా లేదు, కోర్టు కేసు లేదు. పండగే అనుకున్నాను. ఏప్రిల్‌లో ఫొటో తీశాను. ఏప్రిల్‌లో మా పాలమూరులో ఎక్కడ తీసినా నేల ఎండిపోయి బూడిద రంగులోనే కనిపిస్తుంది. ఆ ఫొటో చూసి "ఇంతకంటే మంచి భూమి దొరకదు" అని మా పెద్దసారు మెచ్చుకున్నాడు. ఆగస్టులో తీసి ఉంటే మోకాలెత్తు పచ్చగడ్డి, అందులో పూరేడు పిట్టలు కనిపించేవి. ఆగస్టులో నన్నెవరూ పంపలేదు, నేనూ పోలేదు.

నన్ను నేను వెనకేసుకొచ్చేదేమీ లేదు గానీ, చెట్టు నాటడం పుణ్యమనే నేను నమ్మాను. నమ్మనివాడెవడు? చెట్టు నాటుతానంటే కాదనే నోరు ఎక్కడైనా ఉంటుందా? ఉన్నది. బాలమణిది.

"ఈడ సెట్లు ఎందుకు సారూ?"

"పచ్చదనం కోసం అక్కా."

"గడ్డి పచ్చగుండదా?"

"గడ్డి వేరు, చెట్టు వేరు. చెట్లుంటే వానలు పడతయి, జంతువులకు నీడ ఉంటది."

"ఏ జంతువులకు? తోడేలుకు దూరం జూసే జాగ గావాలె. పూరేడు పిట్ట గడ్డిల గుడ్డు పెడ్తది. దానికి నీ కానుగ సెట్టు ఏం జేసుకోను? గీ నేల మీద మూరెడు లోతుల బండ ఉంది, సెట్టు వేరు యాడ దిగుతది? నువ్వు కొలుస్తున్నవ్ గాని సూస్తలేవు."

నవ్వాను. చదువురాని మనిషి మాట అని నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నాకు గుర్తొస్తే ముఖం మీద కొట్టుకోవాలనిపిస్తుంది.

నిధులు డిసెంబరు ఆఖరుకు వచ్చాయి. మార్చిలోపు ఖర్చు పెట్టకపోతే వెనక్కి పోతాయి. మా సర్కారు పనుల్లో వానాకాలం, ఎండాకాలం లేవు, ఉన్నది మార్చి ఒక్కటే. మొక్కలకు ఇంకా ఆరు నెలలు ఉంది కాబట్టి ముందు చుట్టూ కందకం తవ్వి బిల్లు పెట్టమన్నారు. జనవరిలో జేసీబీ దించాం. కందకం గీత సరిగ్గా ఒర్రెను దాటుతుంది, ఆ మెత్తటి ఒడ్డు మీదుగా.

మూడో రోజు బాలమణి పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆమె పరుగెత్తగా చూడడం అదే మొదలు.

"సారూ, పిల్లలున్నయి. ఈని పది దినాలు గూడ గాలేదు. ఇంక కండ్లు తెరవలె. నాలుగు గొంతులు వినొచ్చినయి. జర ఇరవై దినాలు ఆగుండ్రి. ఇరవై దినాలైతే కాళ్ళొస్తయి, తల్లి ఎనక నడుస్తయి. అటెనక నీ ఇష్టమొచ్చినట్టు తవ్వుకో, నేను అడ్డం రాను."

పని మానుకోమనలేదు, డబ్బు అడగలేదు. ఇరవై రోజులు అడిగింది. కాదంటే గీతను యాభై అడుగులు పక్కకు జరపమన్నది.

మా పెద్దసారుకు చెప్పాను. కొలతలు మంజూరయ్యాయి, జరిపితే మళ్ళీ పైనుంచి అనుమతి రావాలి, వచ్చేసరికి మార్చి దాటుతుంది అన్నాడు. "తోడేలంటే పిల్లలను నోట కరుచుకొని పోతుంది గదయ్యా, దానికి చెప్పాలా" అని నవ్వాడు. ఆ మాట ఆమెకు చెప్తే, "యాడికి వోతది? నాలుగు దిక్కుల సూడు. రోడ్డు, తీగలు, కుక్కలు. ఎత్తుకపోను జాగ ఉంటే ఈడ నేనెందుకు బతిమాలుకుంట?" అన్నది.

బాలమణి మందను మాసయ్యకు అప్పగించి బస్సెక్కింది. మాసయ్య వాళ్ళ పాలోడు, అంటే దాయాది, డెబ్బై దాటిన ముసలాయన. ఆమె మొదట జంతువులను చూసుకునే ఆఫీసుకు పోయింది. అది అడవి కాదమ్మా, సర్కారు బంజరు, మా కింద లేదు అన్నారు. భూమిని చూసుకునే ఆఫీసుకు పోయింది. భూమి మాదే గానీ జంతువు మాది కాదు, అయినా చెట్లు పెడుతుంటే నీకేం నొప్పి, కంచె కబ్జా పెడదామనుకున్నావా అన్నారు. మూడో ఆఫీసులో, తోడేలు ఉన్నట్టు ఫొటో ఉందా అని అడిగారు. ఆమె దగ్గర ఉన్నది బటన్ల ఫోను. ఈనిన తోడేలు ముందుకు పోయి ఫొటో తీయమనడం ఏం తెలివి? తీస్తే అది ఆ రోజే బొరియ వదులుతుంది. ఈ మాట చెప్తే, "అయితే సాక్ష్యం లేదన్నమాట" అని ఫైలు మూశారు. అసలు ఫైలు తెరిచిందెక్కడ!

బెంగుళూరు నుంచి ఎవరో పెద్ద కెమెరాతో వచ్చి అదే మాట చెప్పి ఉంటే వీళ్ళంతా లేచి కుర్చీ వేసేవాళ్ళు. నలభై ఏళ్ళుగా ఆ నేల మీద నడిచిన మనిషి మాట మాత్రం సాక్ష్యం కాదు.

ఆ సాయంత్రం తిరిగొచ్చి ఆమె ఒక పని చేసింది. మందను తోలుకొచ్చి, బొరియకు రెండు వందల అడుగుల ఇవతల, సరిగ్గా కందకం గీత మీద, చుట్టూ వల దడిలా కట్టి కూర్చోబెట్టింది.

దీని అర్థం మా వైపు మనుషులకు విడమరచి చెప్పనక్కర్లేదు. బయటివాళ్ళకు చెప్పాలి. మా మెట్టల్లో ఒక చేలో మంద పెట్టారంటే అనుకున్న రోజులు పూర్తయి మంద తనంతట తాను లేచేదాకా ఆ నేలలో నాగలి పెట్టరు, ట్రాక్టరు పెట్టరు. చేను ఎవరిదైనా సరే, అన్ని రోజులూ అది గొర్రెలది. మధ్యలో లేపితే నేలకు మంచిది కాదంటారు. కొట్లాడుకునే అన్నదమ్ములు కూడా ఈ మాట దాటరు.

జేసీబీ నడిపే సాంసన్ ఆ ఊరివాడే. వాళ్ళ అమ్మ పుష్పమ్మ ఆ చేలల్లో కూలికి పోయి అతన్ని పెంచింది. పొద్దున బండి తెచ్చి, వలను చూసి, ఇంజను ఆపేశాడు.

"ఎన్ని దినాలకు పెట్టినవ్ పెద్దమ్మా?"

"ఇరవై."

సాంసన్ తాళంచెవి తీసి జేబులో వేసుకుని నా వైపు తిరిగాడు. "మంద కూసున్న కాడ నేను బకెట్ దించ సార్. మా అమ్మ ఇంట్లకు రానియ్యది."

ఊరు ఊరంతా నవ్వింది. తోడేలుకు గొర్రెలను కాపలా పెట్టిందని చాయ్ హోటల్ దగ్గర నాలుగు రోజులు అదే ముచ్చట. మరుదులైతే పిచ్చి లేచిందన్నారు. ఐదో రోజు తల్లి తోడేలు వచ్చి ఒక గొర్రెపిల్లను ఎత్తుకుపోయింది. ఆ ఏటి మొదటిది. బాలమణి లేవలేదు. తొమ్మిదో రోజు ఇంకొకటి పోయింది, అప్పుడూ లేవలేదు. "పాలిచ్చే తల్లి గద" అన్నది మాసయ్యతో. తన గొర్రెపిల్లలను తన కళ్ళ ముందే పోనిచ్చి ఆ మనిషి ఇరవై రోజులు కొనుక్కుంటోంది. నేను ప్రతిరోజూ పోయి చూసి, ప్రతిరోజూ "పని జరగలేదు" అని మెసేజ్ పెట్టి వస్తున్నాను.

పన్నెండో రోజు పెద్దసారు గదిలోకి పిలిచాడు. ఒక గొర్రెలామెను లేపలేనివాడివి నీకు ఉద్యోగం ఎందుకు, వచ్చే నెల నీ కాంట్రాక్టు కాగితం నా టేబుల్ మీదికే వస్తుంది గుర్తుంచుకో అన్నాడు. గద్వాల దిక్కు నుంచి వేరే డ్రైవరును మాట్లాడాననీ, వాడికి ఈ ఊరి గొడవలు పట్టవనీ, ఆమె రేపు పొద్దున ఒక పూట అక్కడ లేకుండా చూడమనీ అన్నాడు.

నాకు ఇద్దరు పిల్లలు. ఈ మాట రాసి మీ జాలి అడుక్కోవడం లేదు. తోడేలుకు నలుగురు.

ఫోన్ చేశాను. "అక్కా, రేపు పది గంటలకు మండలాఫీసుకు రా. పెద్దసారు నీతోని మాట్లాడతనన్నడు. గీత జరుపుతరేమో."

"నిజంగనా సారూ?" అన్నది.

"నిజమే అక్కా" అన్నాను.

తెల్లారి ఉతికిన చీర కట్టుకుని, తలకు నూనె రాసుకుని వచ్చింది. మంద రోజూలాగే మాసయ్యతో పగటి మేతకు పోయింది. రోజూ ఆమె కాపలా కూర్చునే వల ఖాళీగా ఉంది. ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టాను. సారు మీటింగులో ఉన్నాడన్నాను. పదకొండుకు చాయ్ తెప్పించాను. సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగి, "అందరి లెక్క గాదు, నువ్వు మంచోనివి" అన్నది. ఒంటి గంటన్నర దాకా కూర్చోబెట్టి, సారు ఇవ్వాళ రాలేడట, ఇంకో రోజు రమ్మన్నాడని పంపాను.

గద్వాల డ్రైవరు వలను చుట్టి పక్కన పడేసి, పన్నెండు లోపలే ఒర్రె దాటేశాడు. మాసయ్య అరుచుకుంటూ వచ్చేసరికి ఒడ్డు కూలి బొరియ మీద ట్రాక్టరు లోడు మట్టి పడి ఉంది. అతను బండికి అడ్డం పడుకోబోతే ఇద్దరు కూలీలు చేతులు పట్టుకుని లేపారు. చాలా మర్యాదగా లేపారని నాకు తర్వాత రిపోర్టు ఇచ్చారు.

మరునాడు పదింటికి బాలమణి మళ్ళీ ఆఫీసుకు వచ్చింది. ఈసారి ఎవరూ పిలవలేదు. భుజాన గొంగడి మూట ఉంది. ఆమె చేతి గోళ్ళు చిట్లి, వేళ్ళ నిండా ఎర్రమట్టి ఉంది. రాత్రంతా తవ్విందని మాసయ్య చెప్పాడు. మూట నా టేబుల్ మీద, కంప్యూటరు పక్కన పెట్టి విప్పింది. నాలుగూ ఉన్నాయి. పిడికెడంత తలలు, నోట్లో మట్టి.

"కండ్లు తెరిచినయి సారూ, సూడు" అన్నది. "మొన్ననే తెరిచినట్టున్నయి. లోకం సూసినయో లేదో."

నేను టేబుల్ మీది కాగితాలు పక్కకు జరిపాను.

"నువ్వు పిలిస్తె వచ్చిన. సారు మాట్లాడతడంటివి, నమ్మిన. గీ బెంచి మీద కూసోని నీ చాయ్ దాగిన. నేను చాయ్ దాగుతుంటే గాడ వీటికి ఊపిరాడలేదు. గా తోడేలు నా గొర్రెపిల్లలను ఎత్తుకపోయింది గని నాకు అబద్ధం జెప్పలే."

ఆఫీసంతా వింటోంది. ఎవరూ లేవలేదు. పెద్దసారు గది తలుపు లోపలి నుంచి మూసుకుంది. జంతువుల ఆఫీసు నుంచి ఒకరు వచ్చి, ఒడ్డు విరిగి సహజంగా జరిగిన మరణమని రాసుకుని, నాలుగింటినీ గోనెసంచిలో తీసుకుపోయారు. అంతకుముందు అది తమ కింద లేదు. చచ్చాక వాళ్ళ కిందికి వచ్చింది. తల్లి మూడు రోజులు ఆ మట్టి చుట్టూ తిరిగింది. నాలుగో రోజు నుంచి ఎవరికీ కనిపించలేదు. ఆ జతే చివరిది.

నా కాంట్రాక్టు రెన్యువల్ అయింది.

తర్వాత జరిగింది ఆశ్చర్యపోవాల్సిందేం కాదు. జూలైలో ఐదు వేల మొక్కలు పెట్టాం. మూరెడు లోతులో బండ తగిలింది. మే వచ్చేసరికి నిలబడినవి నాలుగు వందలు కూడా లేవు. గుంతలు తీసినచోట గడ్డి మళ్ళీ లేవలేదు, ముళ్ళ సర్కారుతుమ్మ లేచింది. ఆ తుమ్మల చాటున అడవిపందులు దిగాయి. ఆ ఏడు వేరుశనగ చేలు పెకలించి పోశాయి. తోడేలు ముచ్చట చెప్పుకుని నవ్విన చాయ్ హోటల్ దగ్గరే ఇప్పుడు పందులను ఎట్లా చంపాలని మాట్లాడుకుంటున్నారు. ఊరవతల కోళ్ళ వ్యర్థాలు పడేసే చోట పెరిగిన కుక్కలు ఇరవై దాకా గుంపు గట్టి, అడ్డమెవరూ లేక కంచెలోకి వచ్చేశాయి. ఒక ప్రాణిని తీసేస్తే దాని చోటు ఖాళీగా ఉండదు. ఏది వచ్చి కూర్చుంటుందో ఎంచుకునే అవకాశం మనకు ఉండదు. ఇది బాలమణి నాకు ముందే చెప్పింది. నేను కొలతల్లో ఉన్నాను.

మొన్న నవంబరులో ఆ కుక్కల గుంపు ఆమె మంద మీద పడింది. పట్టపగలు పదకొండు గొర్రెలను చీల్చి, ఒక్కదాన్ని మాత్రం సగం తిని పోయాయి. మాసయ్య ఫోన్ చేస్తే పోయాను. బాలమణి గొర్రెల మధ్య కూర్చుని ఉంది. ఆ రోజు ఎవరినీ తిట్టడం లేదు.

అడవి జంతువు చంపితే పరిహారం ఉంది. కుక్క చంపితే లేదు. చుట్టుపక్కల ఊళ్ళలో అందరూ చేసేదే చేద్దామనుకున్నాను. అర్జీ కాగితం తెచ్చి ఆమె పక్కన కూర్చున్నాను.

"అక్కా, తోడేలు దాడి అని రాస్త. సాక్షి సంతకం నేను పెడ్త. ఎవరూ తిరిగి సూడరు. పైసలు ఒస్తయి."

ఇన్నాళ్ళలో నేను ఆమెకు చేయగలిగిన ఒక్క మేలు ఇదేనని నిజంగా అనుకున్నాను. ఆమె ఆ కాగితాన్ని పక్కకు తోసింది. తర్వాత ఆ గొంతు లేచింది, గొర్రెలన్నీ తలలు ఎత్తాయి.

"సిగ్గు లేదా నీకు? దాని పిల్లలను మట్టిల పూడ్చినరు. దాని జాగ గుంజుకున్నరు. ఇంక గీ నింద గూడ దాని నెత్తినేనా? తోడేలని నువ్వు రాస్తివి అనుకో, రేపు ఊరోళ్ళు ఏమంటరు? తోడేళ్ళు మల్ల వచ్చినయి, మందు పెట్టుండ్రి అంటరు. యాడనో ఏ గుట్టసాటుకో ఒకటి మిగిలి ఉంటే దాన్ని గూడ సంపుతరు. నా గొర్రెలను కుక్కలు సంపినయి. కుక్కలనే రాయి."

"కుక్కలని రాస్తే పైసా రాదక్కా."

"రాకపోనీ. నా పైసలు గాదా పోయేది?"

కుక్కలు అని రాశాను. ఆమె ఒక్కో అక్షరం ఆగి ఆగి పేరు రాసింది. నెల తిరక్కుండానే అర్జీ వెనక్కి వచ్చింది. దాన్ని పట్టుకుని వాళ్ళింటికి పోయాను, చదివి వినిపించమన్నది. దాడి చేసింది వన్యప్రాణి కానందున పరిహారానికి అర్హత లేదు అని చదివాను.

"సరిగ్గనే రాసిండ్రు గద" అని, గొర్రెలకు నీళ్ళు పెట్టడానికి లేచింది.